పెన్నా రేఖ

కడపలో ఏ బడికైనా పొద్దున ప్రార్థన వేళకు వెళ్ళి చూడండి. ఎనిమిదో తరగతి పిల్లలు వరస కట్టి ఉంటారు. ఈ చివర పిల్ల నెత్తి మీంచి ఆ చివర పిల్లవాడి నెత్తి మీదికి తాడు లాగి కడితే అది ఎక్కడా పైకి లేవదు, కిందికి జారదు. అచ్చులో పోసిన ఇటుకల్లా ఉంటారు. బదిలీ మీద కొత్తగా వచ్చిన మాస్టర్లు ముక్కున వేలేసుకుంటారు. ఊళ్ళోవాళ్ళకు అదేం వింత కాదు. "ఒడ్డాణం బిడ్డలు సార్" అని నవ్వేస్తారు. యూనిఫారాలు కుట్టే దర్జీలకైతే మరీ హాయి. ఒక కొలత తీసుకుంటే తరగతి మొత్తానికి సరిపోతుంది.

ఆ ఒడ్డాణాన్ని కనిపెట్టింది హైమావతి. కాగితాల మీద దానికి గర్భవృద్ధి నియంత్రకమని పెద్ద పేరుంది గానీ ఆ పేరు పలికే ఓపిక ఎవరికుంది? చూడ్డానికి మెత్తటి పట్టీ. నాలుగో నెలలో నడుముకు కట్టుకుంటే కాన్పు దాకా అక్కడే ఉంటుంది. చెవికి వినబడని శబ్దాన్ని కడుపులోకి పంపి బిడ్డ తల చుట్టుకొలత, తొడ ఎముక పొడవు, పొట్ట చుట్టుకొలత ఎప్పటికప్పుడు తీసుకుంటుంది. ఏ నెలకు బిడ్డ ఎంత ఉండాలో చెప్పే గీత ఒకటి దాని బుర్రలో ఉంది. బిడ్డ ఆ గీత దాటిపోతుంటే పట్టీ సన్నగా జుమ్మంటుంది. ఆ జుమ్ముకు, బిడ్డకు తిండి అందించే మాయలోకి పోయే నెత్తురు కాస్త తగ్గుతుంది, బిడ్డ నెమ్మదించి మళ్ళీ గీత మీదికి వస్తుంది. అంతే సంగతి. బిడ్డ తల అడ్డం పడి తల్లి ప్రాణం మీదికి వచ్చిందనే మాట ఆ చుట్టుపక్కల జనం దాదాపు మరిచిపోయారు.

హైమావతి మాత్రం ఆ మాట ఎన్నడూ మరిచిపోలేదు. వాళ్ళమ్మ అలాగే పోయింది. పెద్దాసుపత్రికి తీసుకుపోతుంటే ఆటోలోనే, మైదుకూరు దాటకముందే, తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. తండ్రి ఈ పిల్లను హాస్టల్లో చేర్చి తన దారి తాను చూసుకున్నాడు. కడుపులో బిడ్డ అంత పెద్దగా ఎందుకు పెరగాలి, ఎవరూ ఆపలేరా అని ఆ వయసులో పట్టుకున్న ప్రశ్నను ఆమె చదువంతా మోసుకు తిరిగింది. పాపం, హాస్టల్లో పెరిగిన పిల్ల. ఆడవాళ్ళు వంటింట్లో గొంతు తగ్గించి చెప్పుకునే సంగతులు ఆమె చెవిన పడే దారే లేకపోయింది.

ఇక ఆ గీత సంగతి. అంతకుముందు ఆసుపత్రుల్లో వాడే గీత ఏదో చలిదేశపు తల్లులను కొలిచి గీసింది. దాని లెక్కన మన బిడ్డల్లో సగం మంది చిక్కి శల్యమైనవాళ్ళే. హైమావతికి ఒళ్ళు మండేది. "మన బిడ్డలు మన మాదిరే ఉంటారు గానీ పరాయివాళ్ళ మాదిరి ఎందుకుంటారయ్యా? మన కొలత మనమే తీసుకుందాం" అని కడుపులో బిడ్డను కొలిచే యంత్రం జీపులో వేసుకుని పెన్న ఒడ్డు పల్లెలన్నీ తిరిగింది. ఆమె పనికి వంక పెట్టలేం. పేదరికం కొలతల్లో కలవకూడదని గాదెల్లో గింజలూ కొట్టంలో పాడిగేదెలూ ఉన్న ఇళ్ళనే ఎంచుకుంది. ప్రతి గర్భిణినీ "కడుపు నిండా తింటున్నావా అమ్మా?" అని స్వయంగా అడిగింది. ప్రతి ఒక్కరూ "తింటాండాన్లే మేడం" అన్నారు. అలా గీసిన గీతకు పెన్నా రేఖ అని పేరు పెట్టుకుంది. మన బిడ్డలకు మన కొలత వచ్చిందని పత్రికలు ఆకాశానికెత్తాయి, శాలువాలు కప్పారు. ఆ రేఖనే ఒడ్డాణంలో పొదిగింది.

మొట్టమొదట కట్టుకున్నది కూడా తనే. పరాయి ఆడపిల్ల కడుపు మీద ప్రయోగం చేయనంది. భర్త రంగనాథానికి అప్పట్లో ఒకటే పని, పెళ్ళానికి వండి పెట్టడం. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం సంగటి, చెనక్కాయల పచ్చడి, పైన పేరిన నెయ్యి. హైమావతి కూడా మొహమాటపడకుండా తినేది. తిన్న కాసేపటికి నడుము దగ్గర జుమ్మనేది. "చూశారా, మీ కూతురు మహా తిండిపోతు. నా ఒడ్డాణమే లేకపోతే ఏనుగుపిల్లంత అయ్యేది" అని పడీ పడీ నవ్వేది. పుట్టబోయేది కూతురేనని వాళ్ళిద్దరూ ఎందుకో ముందే తీర్మానించుకున్నారు. కూతురే పుట్టింది. అరగంట నొప్పులతో, చుక్క నెత్తురు ఎక్కువ పోకుండా, గీత మీద గీసినట్టు పుట్టింది. ఇందుజ అని పేరు పెట్టారు.

రంగనాథం ఇప్పుడు లేడు. ఆయన ఆరడుగుల మనిషి. హైమావతి కూడా పొడగరే, నలుగురిలో నిలబడితే తల పైకి కనబడేది. ఇందుజ మాత్రం తల్లి భుజం దాటలేదు. నాన్నమ్మ పోలిక అన్నారు. ఇరవై రాకుండానే సుగరు వచ్చింది. తాతయ్య పోలిక అన్నారు. ప్రతి దానికీ ఒక పోలిక దొరికింది.

ఇందుజ భర్త ఓబులేసు పెన్న ఒడ్డు పల్లెలోనే పుట్టి పెరిగినవాడు, కడపలో కరెంటాఫీసులో పని. అతని తల్లి నాగసుబ్బమ్మ గలగలా మాట్లాడే మనిషి. కోడలి సీమంతానికి వచ్చి, మర్నాడు కూడా ఉండిపోయి, వియ్యపురాలి వంటిల్లు తన వంటిల్లు చేసేసుకుంది. నాటుకోడి పులుసు పెట్టి, కోడలికి సుగరని గుర్తుపెట్టుకుని కొర్రన్నం వండింది. మధ్యాహ్నం ఆడవాళ్ళు ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. వడ్డన నాగసుబ్బమ్మదే.

"ఇంకొంచెం ఏసుకో తల్లీ. ఎవురేమంటారు? కడుపు నిండా తిను."

"చాలత్తా, పొట్ట పగిలిపోతుంది" అంటూనే ఇందుజ ఇంకో గరిటె వేయించుకుంది. ఏడో నెల, ఆకలి అట్లాగే ఉంటుంది. పులుసు కలిపి నాలుగు ముద్దలు తిన్నాక నడుము దగ్గర ఒడ్డాణం జుమ్మంది.

నాగసుబ్బమ్మకు నవ్వు ఆగలేదు. "అదో! జుమ్మనె సూడు. మా కాలంలో ఆ పని మాయత్త చేసేది, ఇప్పుడు మీయమ్మ చేసిన ఒడ్డాణం చేస్తాంది."

హైమావతి కూడా నవ్వుతూనే అడిగింది. "ఏం చేసేదొదినా మీ అత్త?"

"ఏముందొదినా, ఏడో నెల పడ్నాంటే పల్లెం లాగేసుకునేది. పూటకు సగం ముద్ద సంగటి, ఇన్ని మజ్జిగనీళ్ళు. ఆకలైతాంది అత్తా అంటే, బిడ్డ పెద్దదైతే నువ్వు సచ్చిపోతావే పిచ్చిదానా, నీ మంచికే చెప్తాండా అని ఏడ్చేది. మంచి మనిషే పాపం. మా ఊళ్ళో అందురిండ్లలోనూ అంతే. కలిగినోళ్ళూ అంతే, లేనోళ్ళూ అంతే. కడుపు మాడ్చుకుంటేనే కాన్పు సులువైతాదని."

హైమావతి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మేము కొలతలకు వచ్చినప్పుడు కూడానా?"

"ఓబులేసు నా కడుపులో ఉన్నెప్పుడే గదా మీరు జీపేసుకోని వచ్చింది? నాకు బాగా గురుతు. కడుపు మింద బంక పూసి యంత్రం పెట్టి కొలుస్తిరి. కడుపు నిండా తింటాండావా అని నువ్వే అడిగితివి, తింటాండా అని చెప్పితి. అత్త పక్కనే నిలబడుకోనుండె, ల్యాదని ఎట్ల చెప్పేది? పైగా తింటల్యాదని చెప్తే ఆ నర్సమ్మ ఇంటి మీదికొచ్చి మాయత్తను తిడతాది. ఎందుకొచ్చిన గొడవలే అని అందరమూ ఒకే మాట అనుకుంటిమి." ఆమె మళ్ళీ నవ్వి గరిటె ఎత్తింది. "ఇప్పటి పిల్లోళ్ళది రాజభోగం. ఒడ్డాణం కట్టించి, ఇంగ నీకిష్టమైనంత తినుపో అంటాండారు అత్తలు. ఎంత తిన్నా బిడ్డ పెరగదు గదా. నీ పుణ్యమొదినా."

ఇందుజ కూడా నవ్వింది. హైమావతికి మాత్రం ఆ మధ్యాహ్నాలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు నిలబడ్డాయి. కొలతలైపోయాక ప్రతి ఇంట్లోనూ ఆమెకు పీట వేసి, వద్దన్నా వినకుండా కొసరి కొసరి వడ్డించేవాళ్ళు. వడ్డించింది ఆ కడుపుతో ఉన్న పిల్లలే. వాళ్ళు తిన్నారో లేదో తను ఒక్కనాడైనా చూసిందా? తిని, చేయి కడుక్కుని, ఎంత మంచి జనమో అనుకుంటూ జీపెక్కింది. ఆకలితో ఉన్న తల్లులను కొలిచి, ఆ ఆకలినే గీతగా గీసి, ఇది మన కొలత అని ఊరూరా చాటింది. తలనొప్పని చెప్పి లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున పరిశోధనశాల తలుపు తీసేసరికే ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. మస్తాన్ వలీ కంగారు పడ్డాడు. ఒడ్డాణాల నుంచి వచ్చే కొలతలన్నీ చూసుకునేది అతనే. చదువైపోగానే ఆమె దగ్గర చేరి అక్కడే స్థిరపడ్డాడు.

"వలీ, ఒడ్డాణం వెనక్కి లాగిన బిడ్డలెంతమందో ఏడాదివారీగా చూపించు."

చూపించాడు. మొదట్లో పదిమందిలో ఒకరిద్దరు. ఏటికేడాది పెరుగుతూ వచ్చింది. ఈ ఏడు పదిమందిలో తొమ్మిదిమంది. దీన్ని వాళ్ళు అతివృద్ధి అనే జబ్బుగా రాసుకున్నారు. ఆ జబ్బు పెరిగిపోతోందని, తమ పరికరం లేకపోతే ఎంత ఉపద్రవమయ్యేదోనని సభల్లో చెప్పుకున్నారు కూడా.

"ఇది జబ్బు కాదు వలీ. అన్నం. తల్లులు అన్నం తింటున్నారు, బిడ్డలు పెరగాల్సినంత పెరగబోతున్నారు. మనం ఆపుతున్నాం." నాగసుబ్బమ్మ చెప్పిందంతా చెప్పింది.

అతను తెర మీద కాన్పుల లెక్క తెరిచాడు. "మేడం, సిజేరియన్ కోతలు సగానికి సగం తగ్గినాయి. కాన్పుల్లో తల్లులు పోవడం ల్యా. అది అబద్ధం కాదు గదా."

"కాదు. ఒడ్డాణం అప్పుడే ఉంటే మా అమ్మ బతికి ఉండేది. ఆ అత్తలు కూడా ఆ మాటే అనుంటారు."

"ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళకే సుగరు మాత్రలు మింగేది..." అని ఆగిపోయాడు. "బియ్యం వల్ల అనుకుంటిమే మేడం."

"తల్లి కడుపులో బిడ్డ పస్తుంటే ఒళ్ళు పస్తుకే అలవాటు పడుతుంది. బయటికొచ్చాక మామూలు తిండి కూడా దానికి ఎక్కువే అవుతుంది. పుస్తకాల్లో ఉన్న సంగతే. పేదవాళ్ళ గురించి రాసిందని చదివి పక్కన పెట్టాను. మన పిల్లల గురించనుకోలేదు."

వలీకి ఇద్దరు పిల్లలు. ఇద్దరూ ఒడ్డాణం బిడ్డలే. పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి. అతను తనను ఒక్క మాటైనా అని ఉంటే బాగుండేదని హైమావతికి అనిపించింది. వలీ కళ్ళు తుడుచుకుని, వాడుకలో ఉన్న ఒడ్డాణాలన్నింటికీ జుమ్ము ఆపేసే ఆజ్ఞ సిద్ధం చేశాడు. కొలతలు తీస్తాయి, వెనక్కి లాగవు. ప్రతి ఆసుపత్రికీ కారణం చెబుతూ కబురు తనే రాస్తానంది ఆమె. ఉద్యోగం పోతుంది, శాలువాలు కప్పినవాళ్ళే దుమ్మెత్తిపోస్తారు. పోయనీ అనుకుంది.

"అన్నీ ఆపేస్తాండా మేడం."

"ఇందుది ఉండనీ."

వలీ తలెత్తి చూశాడు.

"దానిది ఒక్కటీ ఉండనీ వలీ" అంది మళ్ళీ, అతని ముఖం చూడకుండా.

అతను ఆ ఒక్కటీ వదిలి మిగతావన్నీ ఆపేశాడు.

అతను టీ తేవడానికి వెళ్ళినప్పుడు ఆమె మొట్టమొదటి ఒడ్డాణం కొలతలు తెరిచింది. తన కడుపులో ఇందుజ. చిన్నపాటి గీత హుషారుగా పైకి లేవడం, జుమ్ము, గీత వంగడం. మళ్ళీ లేవడం, మళ్ళీ జుమ్ము. పుట్టేదాకా అంతే. ఎన్నిసార్లు లాగినా ఆ పిల్ల మళ్ళీ మళ్ళీ పైకి లేవబోయింది. తను ఆ పూటలన్నీ పడీ పడీ నవ్వుకుంది. ఎవరూ లాగకపోతే ఈ గీత ఎక్కడికి చేరేదో చూపించమని యంత్రాన్ని అడిగింది. అది ఒక్క క్షణంలో పుట్టుక దాటి, బాల్యం దాటి, నిండు మనిషి ఎత్తు దాకా గీసి చూపించింది. హైమావతి టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చింది.

ఇంటికొచ్చేసరికి ఇందుజ వరండాలో కూర్చుని గాజులు లెక్కపెట్టుకుంటోంది. నాగసుబ్బమ్మ పొద్దున బస్సుకే ఊరికి వెళ్ళిపోయింది. ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరే.

"ఏంటమ్మా ముఖం అట్లుంది? నిన్నటి తలనొప్పి తగ్గలేదా?"

హైమావతి కూతురి పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. దాచకుండా, తనను తాను వెనకేసుకు రాకుండా చెప్పింది. పల్లెలు, సగం ముద్దలు, గీత, సుగరు, రంగనాథం పెట్టిన సంగటి, జుమ్ము. ఇందుజ మధ్యలో ఒక్కసారే మాట్లాడింది. "అంటే నేను నాన్నమ్మ పోలిక కాదన్నమాట."

"కాదమ్మా."

ఇందుజ అరచేయి కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ కదిలినట్టుంది, ఆమె వేళ్ళు కూడా కదిలాయి.

"మిగతావాళ్ళవి ఏం చేశావమ్మా?"

"పొద్దున్నే ఆపించేశాను. అన్నీ."

"నాది ఇందాక టిఫిన్ తింటే జుమ్మందే?"

హైమావతి తల వంచుకుంది. అబద్ధం చెప్పొచ్చు, ఏదో లోపం అనొచ్చు. చెప్పలేకపోయింది. "నీది ఆపలేదు. నువ్వు చిన్నదానివి ఇందూ. నీ ఎముకలు చిన్నవి, నేనే అట్లా చేశాను. మీ నాన్న పోలికతో ఈ బిడ్డ పెరిగితే నీలోంచి రాలేదు, కోత తప్పదు. సుగరు ఒంటికి కోత మానదు, చీము పడుతుంది, జ్వరం కమ్ముతుంది. అందరి బిడ్డలనూ వదిలేయగలిగాను. నీ దగ్గరికొచ్చేసరికి మా అమ్మ ఆటోలో పడుకున్నదే కనబడింది. నువ్వు పోతావేమోనని భయం వేసింది."

"అయితే దీన్నీ నా మాదిరే చేద్దామనుకున్నావా?"

ఆ మాటలో కోపం ఉంటే హైమావతి తట్టుకునేది. కోపం లేదు. పిల్ల నిజంగానే అడుగుతోంది.

"నిన్ను కాపాడుకుందామనుకున్నాను" అంది.

"అప్పుడూ అదే కదమ్మా అనుకున్నావు?"

ఇందుజ గాజులన్నీ పక్కన పెట్టి, వరండా స్తంభం పట్టుకుని నెమ్మదిగా లేచి నిలబడింది. నిలబడి తల్లిని కూడా చేయి పట్టి లేపింది.

"ఒకటి చెప్పు. నేనెంత ఉండాల్సిందాన్ని?"

"ఎందుకులేమ్మా ఇప్పుడు..."

"చెప్పమ్మా. నీకు తెలుసు. చూడకుండా వచ్చి ఉండవు."

హైమావతి చేయి ఎత్తింది. కూతురి నెత్తి దాకా తెచ్చి, అక్కడ ఆగలేక, ఇంకా పైకి తీసుకెళ్ళింది. తన చెవి దాటింది, కణత దాటింది. తన నుదురు ఎత్తులో ఆ చేయి ఆగింది. ఇందుజ కింద నిలబడి తలెత్తి ఆ అరచేతిని చూసింది. మేడ మీద కొత్తగా అద్దెకు దిగినవాళ్ళనెవరినో చూసినట్టు, కుతూహలంగా, చాలాసేపు చూసింది. తర్వాత ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అంత ఉండేదాన్నా" అంది.

అని, రెండు చేతులూ వెనక్కి పెట్టి ఒడ్డాణం మెలిక తీసింది. అది జారి వరండా గచ్చు మీద పడింది.

"కోత కోయించుకుంటాను. చీము పడితే పడనీ, మందులున్నాయి, నువ్వున్నావు. నా బిడ్డను మాత్రం ఎవరూ వెనక్కి లాగొద్దు" అంది ఇందుజ. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, "అన్నం పెట్టమ్మా, ఆకలేస్తోంది" అని లోపలికి నడిచింది.

వడ్డించాలని హైమావతికి తెలుసు. కానీ చేయి ఇంకా అక్కడే, కూతురి తల లేని చోట, గాలిలోనే ఉంది.